దండెం మీద పన్నెండు క్లిప్పులు

"ఒక్క క్లిప్పు తీసుకుంటే కొంపలేమన్నా మునుగుతాయా?" అన్నాడు భర్త, తడి తువ్వాలు భుజాన వేసుకుని వెనక వరండాలో నిలబడి.

మునుగుతాయని ఆమె చెప్పలేకపోయింది. అతను తీయబోయింది పసుపు క్లిప్పు. అది తీస్తే ఓడరేవు జట్టుకు మొదటి వారం ఆటే లేకుండా పోతుంది. ఆ మాట పైకంటే అతను నవ్వుతాడు. నవ్వి ఊరుకోడు, భోజనాల దగ్గర వాళ్ళమ్మకు చెబుతాడు, ఆవిడా నవ్వుతుంది. ఎందుకొచ్చిన గొడవని బకెట్లో వెతికి ఒక పాత క్లిప్పు తీసి అతని చేతికిచ్చింది. "మంచివన్నీ ఖాళీగా వేలాడుతుంటే నాకు విరిగిందా!" అంటూనే అతను తువ్వాలు ఆరేసి వెళ్ళిపోయాడు. అతను హాల్లోకి చేరేలోపే తువ్వాలు జారి కింద పడింది. ఆమె దాన్ని మళ్ళీ జాడించి ఆరేసింది.

ఆ వరండాలో అటు గోడ నుంచి ఇటు గోడకు రెండు తాళ్ళున్నాయి. ఇంట్లోవాళ్ళకు అవి బట్టలారేసుకునే దండేలు. ఆమెకు మాత్రం అది దేశం మొత్తం ఆడే ఫుట్‌బాల్ లీగ్. బట్టలన్నీ ఒక పక్కకు జరిపి, మిగిలిన జాగాలో రంగురంగుల క్లిప్పులు పెట్టుకునేది. ఒక్కో క్లిప్పు ఒక్కో జట్టు. చేతికందే ఇవతలి తాడు సొంత మైదానం, గోడ పక్కనున్న అవతలి తాడు పరాయి మైదానం. ఇవతల పసుపుది, దానికెదురుగా అవతల ఆకుపచ్చది ఉందంటే, ఆకుపచ్చ జట్టు ప్రయాణం చేసి పసుపు జట్టు ఊరికొచ్చి ఆడుతుందన్నమాట. ఈ పద్ధతి ఎవరూ నేర్పలేదు. లీగ్ ఆఫీసులో ఎవరు ఎప్పుడు ఎక్కడ ఆడాలో తేదీలు వేసే ఉద్యోగం ఆమెది. అక్కడ కంప్యూటరుంది, దానికో ప్రోగ్రామూ ఉంది. కానీ ఆ మహాతల్లికి ఊళ్ళ మధ్య దూరాలు పట్టవు. ఒకే మైదానాన్ని పంచుకునే రెండు జట్లను ఒకే సాయంత్రం పిలుస్తుంది. ఒక జట్టును ఇల్లు చేరనివ్వకుండా వారాల తరబడి ఊళ్ళు తిప్పుతుంది. ఆ చిక్కులన్నీ విప్పాలంటే కాస్త స్థిమితంగా ఆలోచించుకునే జాగా కావాలి. ఆఫీసులో "మేడమ్, కుర్చీలు చాలవట", "మేడమ్, ఈ జిరాక్సొకటి" అంటూ తల ఎత్తనివ్వరు. అందుకని అసలు ఉద్యోగం ఇంటికి తెచ్చుకుని, బట్టలారేస్తూ చేసుకునేది. ఆఫీసులో అందరూ ఆమెను షెడ్యూల్ మేడమ్ అంటారు. ఇంట్లో అత్తగారు మాత్రం పక్కింటివాళ్ళతో, "మా కోడలు బంతుల ఆఫీసులో చేస్తుంది" అని చెప్పి ఊరుకుంటుంది.

ఇన్నేళ్ళూ లీగ్‌లో పది జట్లే. ఈసారి లీగ్‌ను పెంచుతున్నారు, ఇంకో రెండు ఊళ్ళకు జట్లొస్తున్నాయి. అందులో ఒకటి ఆమె పుట్టిన ఊరు.

ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు ఆమె మంచం మీద కుప్పపోసిన మేజోళ్ళకు జతలు వెతుకుతోంది. "మీ ఊళ్ళో బంతాటేంటోయ్!" అని భర్త పగలబడి నవ్వాడు. "అక్కడ ఎవరన్నా బస్సు దిగితే డ్రైవరే ఆశ్చర్యపోతాడు కదా." అత్తగారు అందుకుంది, "ముందు బంతి కొనడానికి కొట్టుండాలిగా ఆ ఊళ్ళో." ఆమె కూడా నవ్వింది. పుట్టింటి మీద వేసే జోకులకు నవ్వడం పెళ్ళయిన కొత్తలోనే అలవాటు చేసుకుంది. నవ్వకపోతే మొహం ముడుచుకుందంటారు, నవ్వితే గొడవ అక్కడితో ఆగిపోతుంది. ఈ వార్త తనకు చాలా రోజుల ముందే తెలుసని, ఆఫీసులో గుట్టుగా ఉంచమంటే నోరు కుట్టేసుకుని తిరిగిందని, ఆ రోజుల్లో వంటింట్లో ఒంటరిగా నిలబడి ఒకటి రెండుసార్లు కళ్ళు తుడుచుకుందని వాళ్ళకు చెప్పలేదు. చెబితే ఎందుకేడ్చావని అడుగుతారు. బంతాట కోసం ఏడ్చానంటే ఇక ఆ జోకు జన్మకు వదలరు.

ఆ ఊళ్ళో అక్క ఉంది. అమ్మ పోయాక ఆమెను పెంచింది అక్కే. స్కూలు యూనిఫారాలు కుట్టే చోట పనిచేసేది. పని దిగి, చెల్లెల్ని సైకిలు వెనక ఎక్కించుకుని మైదానానికి తీసుకెళ్ళేది. మెట్ల మీద మగవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఆడపిల్లలకు బాగుండదని వీళ్ళిద్దరూ ప్రహరీ గోడెక్కి కూర్చునేవాళ్ళు. అక్క మామూలుగా నోట్లో నాలుక లేని మనిషి. అలాంటిది బంతి గోల్ దగ్గరికొస్తే చాలు, ఊరు దద్దరిల్లేలా అరిచేది. ఇప్పుడు ఆ కుట్టుపని దుకాణం అక్కే నడుపుతోంది. కొత్త జట్టు జెర్సీలు కుట్టే పని కూడా అక్కకే వచ్చింది. ఆ సంగతి ఫోన్లో చెబుతూ, "చిన్నీ, మన ఊరి మైదానంలో మొదటి ఆటకు వచ్చెయ్యవే. ఈసారి మెట్ల మీద కూర్చుందాం ఇద్దరం" అంది.

"వస్తానక్కా," అంది ఆమె.

"వస్తానక్కా" అనడం ఆమెకు కొత్తేమీ కాదు. అక్కకు వినడం కూడా కొత్త కాదు. ఒకసారి కూతురికి పరీక్షలు. ఒకసారి అత్తగారి మోకాలి నొప్పి. ఒకసారి ఎవరో చుట్టాలు, ఒకసారి ఇంటికి సున్నాలు. కూతురు హాస్టల్‌కు వెళ్ళాకయినా తీరిక దొరుకుతుందనుకుంది. ఆ తీరిక ఎటు పోయిందో కూడా తెలియలేదు. భర్త ఎప్పుడూ వద్దనలేదు, అది ఒప్పుకోవాలి. "వెళ్దువుగాని, చూద్దాం" అనేవాడు, అంతే. ఆ మాటకు ఎదురు చెప్పడానికి పట్టు దొరకదు. వద్దన్న మనిషితో అయినా పోట్లాడవచ్చు, చూద్దామన్న మనిషితో ఎలా పోట్లాడతారు? అయినా ఈసారి వేరు. ఈసారి వెళ్ళకపోతే ఊరి మొదటి ఆట ఇంకోసారి రాదు. అక్క పక్కన ఖాళీ మెట్టు తలుచుకుంటే చాలు, చేతిలో పని అక్కడే ఆగిపోయేది.

ఇంత ఆశ పెట్టుకున్న మనిషి దండెం దగ్గర ఏం చేసిందో చూడండి. మొదటి వారం ఆటలు పేర్చేటప్పుడు, ఆమె ఊరి జట్టు ఎర్ర క్లిప్పు. పెద్ద నగరం జట్టు నీలం క్లిప్పు. ఎర్రదాన్ని చేతిలోకి తీసుకుంది, కాసేపు పట్టుకుంది, అవతలి తాడుకు తగిలించింది. తొలి ఆట పెద్ద నగరంలోనే. సొంత ఊరికి సొంత మైదానంలో ఆట మూడో వారం దాకా లేదు. తనదైన ఊరిని తనే ముందు పెడితే పక్షపాతం అంటారని భయం. ఎవరంటారు? ఆఫీసులో ఆమెది ఏ ఊరో కూడా చాలామందికి తెలియదు. అయినా సరే, న్యాయంగా ఉండాలి కదా అనుకుంది. ఇంతలో వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, క్లిప్పులను అలాగే వదిలేసి పరుగెత్తింది. మర్నాడు ఆఫీసుకు వెళ్ళే హడావిడిలో దండేన్ని ఒకసారి కళ్ళతో చూసుకుని, అక్కడికెళ్ళి ఉన్నదున్నట్టు కంప్యూటరులో ఎక్కించింది. ఏ రెండు ఆటలకూ ఎక్కడా తగువు రాలేదు. పట్టిక పైకి పంపించేసింది.

కొత్త జట్లను పరిచయం చేసే సభ ఆ మధ్యాహ్నమే ఒక పెద్ద హోటల్లో పెట్టారు. ఆ సభకు ఆమెను పిలిచారు, అదీ కాస్త సంబరమే. మంచి బట్టలు కట్టుకుని వెళ్ళింది. తీరా వెళ్ళాక, రెండు జట్ల జెండాలున్న ట్రే పట్టుకోవాల్సిన అమ్మాయి రాలేదు. ప్రచారం చూసుకునే ఆయన అటూ ఇటూ చూసి, "మేడమ్, మీరు పట్టుకోండి, రెండు నిమిషాలేగా. ఆడవాళ్ళ చేతిలో ఉంటే నిండుగా ఉంటుంది" అన్నాడు. ఆమె ట్రే అందుకుంది. వేదిక మీద మగవాళ్ళందరూ వరసగా నిలబడ్డారు. ఆమె ఓ చివర ట్రేతో నిలబడింది. డైరెక్టరుగారు మైకు ముందుకొచ్చి కాగితం విప్పారు. "ఈసారి తొలి ఆట ఎక్కడో తెలుసా? కొత్తగా మన లీగ్‌లోకి వచ్చిన చిన్న ఊళ్ళో! పెద్ద నగరం జట్టే అక్కడికెళ్ళి ఆడుతుంది!" హాలంతా చప్పట్లు. "చిన్న ఊళ్ళకు పెద్దపీట వెయ్యాలని నేనే పట్టుబట్టాను" అన్నారాయన, ఆ కాగితం అప్పుడే మొదటిసారి చదివిన మనిషి.

తను అలా వెయ్యలేదు. కచ్చితంగా వెయ్యలేదు. సభ అయ్యాక ఒక మూలకెళ్ళి ఫోన్లో పట్టిక తీసి చూసుకుంది. ఎర్ర జట్టు సొంత మైదానంలోనే ఉంది. ఎవరితోనైనా చెబుదామంటే ఏమని చెబుతుంది?

ఇంటికెళ్ళే బస్సులో ఉండగానే అక్క ఫోన్. "చిన్నీ, ఫొటో చూశానే. ఆ ట్రే పట్టుకున్న చెయ్యి నీదేనా?"

"నీకెలా తెలిసింది?"

"బొటనవేలు అలా వెనక్కి వంచి పట్టుకునేది నువ్వొక్కదానివే. చిన్నప్పుడు గ్లాసు కూడా అలాగే పట్టుకునేదానివి, తిట్టేదాన్ని. మరి నీ మొహం వెయ్యలేదేం వాళ్ళు?"

"ట్రే పట్టుకున్నవాళ్ళ మొహం ఎవరిక్కావాలక్కా?"

"నాక్కావాలి," అంది అక్క.

బస్సులో నలుగురి మధ్య నిలబడి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే అక్కడే ఏడ్చేసేది. తన మొహం ఒకరికి కావాలన్న మాట విని ఎన్నాళ్ళయిందో.

ఇల్లు చేరగానే చెప్పులు విడిచి నేరుగా వరండాలోకి వెళ్ళింది. ఎర్ర క్లిప్పు ఇవతలి తాడు మీద నిక్షేపంలా ఉంది, నీలం క్లిప్పు దానికెదురుగా అవతలి తాడు మీద ఉంది. అత్తగారు అక్కడే కుర్చీ వేసుకుని కూరగాయలు తరుగుతోంది.

"అత్తయ్యా, ఈ క్లిప్పులు మీరేమన్నా తీశారా?"

ఆవిడ కత్తి ఆపింది. "నిన్న రాత్రి దుప్పటి ఆరేస్తే గాలికి ఎగిరిపోతోందని నాలుగు పెట్టాను. పొద్దున్నే ఆరాక ఎక్కడివక్కడ పెట్టేశాగా! వాడు తీస్తే ఏమీ అనవు, నేను తీస్తేనే వచ్చిందా?"

"అనడం లేదత్తయ్యా. ఎర్రది ఇటు పెట్టింది మీరేనా?"

"అటుందా ఇటుందా అని కాసేపు ఆలోచించాను. ఇటే ఉండుంటుందిలే అని ఇటు పెట్టా, నీలందాన్ని దానికెదురుగా అటు పెట్టా. ఏం, తప్పా?"

"ఇటే అని ఎందుకనుకున్నారు?"

"బావుందే! నువ్వు రోజూ వచ్చీ రాగానే ముందు పట్టుకునేది ఆ ఎర్రదాన్నే కదా. దాన్ని నిమురుతూ నిలబడతావు. అంత ఇష్టమైనదాన్ని చేతికందేట్టు పెట్టుకుంటావు కానీ, గోడ పక్కకు విసిరేస్తావా?"

ఆమె స్టూలు లాక్కుని కూలబడింది. ఈ ఇంట్లో తనను ఎవరూ చూడరని ఇన్నేళ్ళూ అనుకుంది. చూస్తున్నది ఈవిడ! రోజూ మోకాళ్ళు నొక్కుకుంటూ, పెదవి విరుస్తూ, తను దేన్ని ముందు పట్టుకుంటుందో కూడా గమనించిన మనిషి. ఇంత ఇష్టమైనదాన్ని గోడ పక్కకు విసిరేస్తావా అని ఆవిడ అడిగిన ప్రశ్నకు జవాబు విసిరేశాననే. విసిరేసి, దానికి న్యాయం అని పేరు పెట్టుకుంది. అది ఇంకెవరి ఊరో అయితే తొలి ఆట ఆ కొత్త ఊళ్ళోనే వేసేది, ఒక్క క్షణం కూడా తటపటాయించేది కాదు. కొత్తవాళ్ళకు ఆ మర్యాద చెయ్యాలి కదా అనుకునేది. తనది కాబట్టే వెనక్కి నెట్టింది. అది ఎవరూ చెప్పకుండానే చేసింది. మంచి మొక్కజొన్న పొత్తు ఎవరికో ఇచ్చి మాడింది తను తీసుకున్నట్టు, చెయ్యి దానంతటదే అటు వెళ్ళిపోయింది.

"అసలేంటే ఇవి?" అంది అత్తగారు. ఆమె ఉద్యోగం గురించి ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న అదే. ఆమె లేచి ఒక్కో క్లిప్పు చూపించి చెప్పింది. ఇది ఓడరేవు, ఇది గనుల ఊరు, వీళ్ళ మైదానంలో లైట్లు లేవు కాబట్టి పగలే ఆడాలి, వీళ్ళిద్దరిదీ ఒకే మైదానం కాబట్టి ఎప్పుడూ ఒకరు ఇటుంటే ఇంకొకరు అటుండాలి. అత్తగారు కళ్ళజోడు సర్దుకుని బడిపిల్లలా విన్నది. "అయితే ఇంతమంది మగాళ్ళు ఏ రోజు ఏ ఊరెళ్ళాలో నువ్వు చెప్తే వెళ్తారా!" అని ముక్కు మీద వేలేసుకుంది. "వాడు నాకెప్పుడూ చెప్పలేదే."

"ఆయనకు తెలియదత్తయ్యా."

ఆవిడ గొంతు తగ్గించి, "మా పుట్టింటి ఊరుందా ఇందులో?" అంది.

"మీ ఊరికింకా జట్టు రాలేదు. మళ్ళీ పెంచినప్పుడు రావచ్చు."

"వస్తే మొదటి ఆట అక్కడే వెయ్యి. నేనడిగానని మాత్రం ఎవరికీ చెప్పకు," అని మళ్ళీ కూరగాయల మీద పడింది.

నాలుగు రోజులు బాగానే గడిచాయి. ఆ తర్వాత డైరెక్టరుగారు గదికి పిలిచారు. పెద్ద నగరం జట్టు యజమాని ఫోన్ చేశాడట, అలిగాడట. తొలి ఆట తన మైదానంలోనే ఉండాలట. "తిరగేసెయ్యండి మేడమ్. అటుది ఇటు, ఇటుది అటు. బటన్ నొక్కడమేగా" అన్నారాయన, కళ్ళు ఫోన్లోంచి ఎత్తకుండా.

చిత్రమేమిటంటే, ఆయన అడిగింది ఆమె మొదట పేర్చిన పేర్పే. సరే సార్ అంటే చాలు, దుప్పటి వల్ల జరిగిన పొరపాటు సరయిపోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు, మనస్సాక్షి కూడా చల్లగా ఉంటుంది. 'సరే సార్' గొంతు దాకా వచ్చింది కూడా. ఈ గదిలో ఆమె ఎన్నిసార్లు అన్న మాటో అది.

"కుదరదు సార్," అంది.

ఆయన తలెత్తారు.

"ప్రకటించేశాం సార్. ఇప్పుడు మారిస్తే ఆ ఊరి ఆట వాయిదా వేసినట్టే. వాయిదా వెయ్యాలంటే ఆ ఊరివాళ్ళు ఒప్పుకున్న కొత్త తేదీ కూడా అప్పుడే వెయ్యాలి. లేకపోతే రద్దు కింద లెక్క. మన నిబంధనే కదా."

"మూడో వారమో ఎప్పుడో ఆడతార్లెండి. కొత్తవాళ్ళు, ఆగుతారు. చూద్దాం."

చూద్దాం. ఆ మాట ఇక్కడ కూడా వినపడేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. గొంతు మాత్రం పెంచలేదు. "వాళ్ళు చాలా ఏళ్ళు ఆగారు సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి ఆమెను పరీక్షగా చూశారు. "ఆగండాగండి. అది మీ ఊరు కదూ?"

ఇన్నాళ్ళూ ఏ ప్రశ్నకు భయపడి క్లిప్పును అవతల పెట్టిందో, ఆ ప్రశ్న వచ్చి ఎదురుగా కూర్చుంది. తీరా వచ్చాక అంత భయంగా ఏమీ లేదు.

"అవును సార్, మా ఊరే."

"అందుకా ఇదంతా?"

"అందుక్కూడా," అంది. అబద్ధం ఆడాలనిపించలేదు. "మీ ఊరి ఆటలన్నీ శనివారం సాయంత్రాలే వెయ్యమని మీరన్నప్పుడు నేనెప్పుడూ కారణం అడగలేదు సార్. ఊరి మీద ప్రేమ ఉంటుందిలే అనుకుని వేశాను. అయినా చిన్న ఊళ్ళకు పెద్దపీట అని మీరే సభలో అన్నారు. పేపర్లో కూడా వచ్చింది."

"అది నేనే అన్నానా?"

"మీరే సార్."

ఆయన కాసిని మంచినీళ్ళు తాగారు. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక చివరికి నవ్వేశారు. "సరే, ఉండనివ్వండి. ఆయనకు నేను సర్ది చెబుతా. వెళ్తూ వెళ్తూ ఒక టీ చెప్పండి మేడమ్."

"బాయ్‌ను పిలిచే గంట మీ పక్కనే ఉంది సార్," అని ఆమె తలుపు దగ్గరగా వేసి బయటికొచ్చింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక ఊరి కోసం ఇలా నిలబడటం ఇదే మొదలు. అది తన ఊరే కావడం కాస్త సిగ్గుగానూ ఉంది, చెప్పలేనంత హాయిగానూ ఉంది.

ఆఫీసులో గెలిచినంత తేలిక కాదు ఇల్లు. అక్కడ కనీసం నిబంధనలున్నాయి. ఆ సాయంత్రం భోజనాల దగ్గర ఆమె వడ్డిస్తూ, "వచ్చే శనివారం మా అక్క దగ్గరికి వెళ్తున్నాను" అంది.

"వచ్చే శనివారమా?" అన్నాడు భర్త. "మా మేనేజరును భోజనానికి పిలిచానోయ్. ఇంకో ముగ్గురు కూడా వస్తారు. అయినా ఇప్పుడెందుకు, అక్కడెవరికన్నా ఒంట్లో బాగా లేదా?"

"లేదు."

"పెళ్ళా?"

"లేదు."

"మరి?"

"ఫుట్‌బాల్ ఆట ఉంది."

అతను నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపుకున్నాడు. "సరేలే, ఆ తర్వాత వెళ్దువుగాని. మీ అక్క ఎక్కడికి పోతుంది? చూద్దాం."

ఆమె గరిట గిన్నెలో పెట్టి, అతనికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. వాళ్ళు తింటుండగా ఆమె కూర్చోవడం ఆ ఇంట్లో ఎప్పుడోగానీ జరగదు.

"తర్వాతంటే ఎప్పుడు? తేదీ చెప్పండి."

"తేదీ ఏంటి, కోర్టులో అడిగినట్టు!"

"మా ఆఫీసులో తేదీ లేని వాయిదాను వాయిదా అనరు, రద్దంటారు. నేను మా అక్క దగ్గరికి వెళ్ళడం ఎన్నిసార్లు రద్దయిందో నాకు మొన్నటిదాకా తెలియలేదు. వాయిదా పడిందనే అనుకుంటూ వచ్చాను. తప్పంతా మీదేనని అనడం లేదు. నేను కూడా ఎప్పుడూ తేదీ అడగలేదు."

అత్తగారు కంచంలోకి చూస్తూనే అంది, "నువ్వు పిలిచినవాళ్ళకు నువ్వే వండి పెట్టరా. పెళ్ళికి ముందు గదిలో నలుగురికీ నువ్వే వండేవాడివని గొప్పలు చెబుతుంటావుగా. నేను కుర్చీలో కూర్చుని చెబుతా, నువ్వు చెయ్యి."

"అమ్మా, నువ్వు కూడానా!" అన్నాడు అతను. అతని మొహంలో కోపం కంటే దిగులే ఎక్కువ కనిపించింది. కాసేపు అన్నం కెలుకుతూ కూర్చుని, "వెళ్ళాలని అంతగా ఉందని నాతో చెప్పలేదేంటోయ్?" అన్నాడు.

"చెప్పాను. ప్రతిసారీ చెప్పాను."

అతనికి గుర్తొచ్చినట్టుంది. ఒకసారా రెండుసార్లా, అన్నీ ఒక్కసారే గుర్తొచ్చినట్టున్నాయి. కంచం తీసుకెళ్ళి తనే కడిగి బోర్లించాడు. ఆమెకు అతని మీద జాలేసింది. వెనకటిలా ఆ జాలిలోంచి "పోన్లెండి, తర్వాతే వెళ్తాను" అన్న మాట పైకి రాబోయింది కూడా. పెదవులు బిగబట్టి కూర్చుంది. జాలి జాలిగానే ఉండనిచ్చి, ప్రయాణం ప్రయాణంగా ఉంచుకోవచ్చని ఆమెకు అప్పుడే తెలిసింది.

శనివారం అతనే బ్యాగు పట్టుకుని బస్సు దాకా వచ్చాడు. దారి పొడుగునా, పెద్ద గిన్నె ఎక్కడుంది, మసాలాలు ఏ డబ్బాలో ఉన్నాయి అని పరీక్షకు వెళ్ళే పిల్లాడిలా అడుగుతూనే ఉన్నాడు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికొచ్చి, "మీ ఊరు గెలవాలోయ్" అన్నాడు. అతను ఆ ఊరి మీద జోకు వెయ్యకుండా మాట్లాడటం ఇదే మొదటిసారి. ఆమె కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి అతని వేళ్ళు పట్టుకుంది.

అక్క బస్సు దగ్గరికే వచ్చింది. జుట్టు బాగా నెరిసింది, వేళ్ళకు సూది గాట్లు అలాగే ఉన్నాయి. మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. పాత ప్రహరీ గోడ కొట్టేసి ఇనుప కంచె వేశారు. మెట్లకు కొత్తగా సిమెంటు పూశారు, ఇంకా ఆ వాసన పోలేదు. అక్క కుట్టు దుకాణంలో పనిచేసే ఆడవాళ్ళంతా ఒక వరసలో కూర్చుని, మధ్యలో రెండు చోట్లు వీళ్ళకు ఆపి ఉంచారు. ఎర్ర జెర్సీలు మైదానంలోకి పరుగెత్తుకు రాగానే, ఆ వరసంతా ఆటగాళ్ళ పేర్లు కాదు, కుట్లు చూసుకుని అరిచింది. "అదిగో, తొమ్మిదో నంబరు కాలరు నాదే!" "ఆ గోల్‌కీపరుకు చంకలో బిగుతుగా ఉన్నట్టుందే!" ఆమెకు నవ్వాగలేదు.

ఆట మొదలైన కాసేపటికే పెద్ద నగరం వాళ్ళు ఒక గోల్ కొట్టేశారు. ఊరు ఉసూరుమంది. కానీ అంతలోనే మళ్ళీ అరవడం మొదలుపెట్టింది. మధ్యలో భర్త ఫోన్. "ఉప్పెంత వెయ్యాలోయ్?" అని అరుస్తున్నాడు, వెనకాల అత్తగారి గొంతు కూడా ఏదో చెబుతోంది. "రుచి చూసుకుని వేసుకోండి" అని నవ్వి, ఫోన్ కట్టేసి బ్యాగులో పడేసింది.

బంతి ఇవతలి గోల్ వైపు వస్తోంది. మెట్లన్నీ లేచి నిలబడ్డాయి. అక్క మాత్రం లేవలేదు. బంతి దగ్గరికొస్తే ఊరు దద్దరిల్లేలా అరిచే అక్క, అటు చూడకుండా చెల్లెలి మొహమే చూస్తోంది. చెయ్యి పట్టుకుని, ఎంతసేపటి నుంచో నోట్లో పెట్టుకు తిరుగుతున్న ప్రశ్నను భయంభయంగా బయటపెట్టింది.

"మళ్ళీ ఎప్పుడెళ్ళాలే?"

పుట్టింటికొచ్చిన ఆడపిల్లను ఎవరైనా ముందు అడిగేది అదే. ఈ ప్రశ్నకు ఆమె దగ్గర ఎప్పుడూ జవాబు సిద్ధంగా ఉండేది. రేపు పొద్దున బస్సుకనో, అసలు సాయంత్రానికేననో. ఆ జవాబు విన్నప్పటి నుంచీ ఇద్దరూ గడియారం చూసుకుంటూనే కూర్చునేవాళ్ళు. దేశంలో ఉన్న జట్లన్నిటికీ రాకపోకల తేదీలు వేసే మనిషి, ఇవాళ బస్సెక్కేటప్పుడు ఒక్కవైపుకే టికెట్టు తీసుకుంది. ఆఫీసుకు సెలవు పెట్టింది, ఇంట్లో ఎన్నాళ్ళని చెప్పలేదు, వాళ్ళు అడగలేదు.

"వెళ్ళాలనిపించినప్పుడు వెళ్తానక్కా," అంది.